పక్కకు పోయిన మూడు తూటాలు

అమల ఎవరికీ కీడు తలపెట్టిన మనిషి కాదు. గౌలిపురలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. అయితే ఒకరి కొంప ముంచడానికి చెడ్డబుద్ధే ఉండాలని ఎక్కడా లేదు, ఒక్కోసారి జాలి చాలు. చెడ్డబుద్ధితో చేసే పనికి మనిషి కాస్తయినా జంకుతాడు, వెనకాముందూ చూసుకుంటాడు. జాలితో చేసే పనికి ఆ జంకు కూడా ఉండదు. పైగా చేసినంతసేపూ మనకు మనమే మహా గొప్పగా కనిపిస్తాం.

ఆమెది రైల్వేలో ఉద్యోగం. అదీ రైఫిల్ పుణ్యాన వచ్చిందే. బోర్లా పడుకుని, మూడు వందల మీటర్ల దూరంలో నిలబెట్టిన కాగితాన్ని గురిచూసి కొట్టే పోటీ ఆమెది. బర్రెల కొట్టం, పాల క్యాన్లు తప్ప వేరే లోకం ఎరగని ఇంట్లో పుట్టిన పిల్ల రాష్ట్రం తరఫున ఆడిందంటే, అందులో సగం పుణ్యం మొగులయ్యది. మొదటి పోటీకి ఆమెను తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది ఆయనే. ఆమె తూటాలు చేసిచ్చిందీ ఆయనే. కన్నతండ్రి ఇంట్లోనే ఉన్నా, అమల ‘బాపు’ అని పిలిచేది మొగులయ్యను.

తూటాలు చేసివ్వడమేమిటి, కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనుక్కోవచ్చు. విదేశాల నుంచి డబ్బాల్లో వస్తాయి, మంచివే వస్తాయి. కానీ ఒక రైఫిల్‌కు నప్పిన తూటా ఇంకో రైఫిల్‌కు నప్పదు. అందుకని బహదూర్‌పురాలోని పాత రైఫిల్ క్లబ్బులో, క్లబ్బుకున్న లైసెన్సు మీద, పేలిన తూటాల ఖోఖాలను, అంటే ఖాళీ ఇత్తడి గొట్టాలను, ఏరి తెచ్చి, శుభ్రం చేసి, ఏ రైఫిల్ ఖోఖాలు ఆ రైఫిల్‌కే మళ్లీ మందు తూచి పోసి, కొత్త గుండు బిగించి ఇచ్చేవాడు మొగులయ్య. పోలీసు ఆయుధాల మరమ్మతు షాపులో పనిచేసి రిటైరైన మనిషి. త్రాసు ముందు కూర్చుంటే ఫ్యాను ఆపించేవాడు. గదిలో ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. తుమ్మొస్తే బయటికి పోయి తుమ్మి వచ్చేవాడు. దసరా రోజు అందరూ తుపాకులకు బొట్లు పెడుతుంటే ఆయన త్రాసుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు.

అటువంటి మనిషి ఒక సాయంత్రం అమల ఇంటికొచ్చి, చాయ్ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

“త్రాసు ముల్లు రెండుగ కనవడుతుంది బిడ్డా,” అన్నాడు.

అమల చాయ్ కప్పు ఆయన వైపు జరిపింది.

“క్లబ్బుల సోమశేఖర్ సార్‌ను అడిగితె తూటాలు మంచిగనే ఉన్నయి మొగులయ్యా అంటడు. ఆయన మంచోడు, గట్లనే అంటడు. ఇంట్ల మీ చంద్రమ్మ అత్తేమో కండ్లకు ఆపరేషన్ జేయించుకో అని రోజు లొల్లి. ఎవ్వరి మాట నమ్మాలె నేను? నీ చెయ్యి నాకు ఎర్క. నా తూటాలు పది, డబ్బా తూటాలు పది కొట్టి చూడు. డబ్బాయే మంచిగ పడ్డయంటే త్రాసు పక్కకు పెడ్త. ఫికర్ లేదు నాకు.”

“ఇప్పుడే ఏం తొందర బాపు?”

“నందినికి సెలక్షన్ వస్తుంది గద. ఆ పోరికి నేను చేసియ్యాల్నా, డబ్బాయి కొనుమనాల్నా? ముందుగాల తెల్వాలె.”

నందిని అదే గల్లీ పిల్ల. వాళ్లకు పాలూ పెరుగూ అమ్మే చిన్న డెయిరీ ఉంది. అమలే చేయిపట్టి రైఫిల్ నేర్పించింది. క్లబ్బు ఆ సీజనుకు ఆమెకొక రైఫిల్ వాడుకోవడానికి ఇచ్చింది. సెలక్షన్‌లో నెగ్గి రాష్ట్రం టీములోకి వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఉన్నది ఒక్కటే అవకాశం, అది ఆ ఏడాదే. మొగులయ్య భయం దానికే. ఇదంతా అమలకు తెలుసు. తెలిసే చేసింది. అదే కదా బాధ.

పరీక్ష రోజున ఊరి బయట గుట్ట కింద ఉన్న రేంజికి పొద్దున్నే వెళ్లారు. క్లబ్బు సెక్రటరీ సోమశేఖర్‌కు ఇలాంటి పనులంటే సంబరం. ఒకే రకం డబ్బాలు రెండు తెచ్చి, ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం కట్టాడు. ఏది దేనిదో తనకు తప్ప ఎవరికీ తెలియదని, కొట్టేవాళ్లకు తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. మొగులయ్య తల ఊపి, టార్గెట్‌కు వీపు పెట్టి నిలబడ్డాడు. పరీక్ష జరిగేటప్పుడు కాగితం వైపు చూడకపోవడం ఆయన పద్ధతి. చూస్తే ఆశ పుడుతుందట.

గాలి లేదు. రేంజి పక్కన కట్టిన గుడ్డ జెండా కిందికి వేలాడుతూ ఉంది.

ముందు ఎర్రదారం డబ్బా. మొదటి తూటా పెట్టి, గడియలాంటి బోల్ట్ మూయగానే అమలకు తెలిసిపోయింది. తన రైఫిల్లో ఒకసారి పేలిన ఖోఖా మళ్లీ అదే రైఫిల్లో, తొడిగి తొడిగి అలవాటైన చెప్పులాగా సులువుగా కూర్చుంటుంది. డబ్బా తూటా అలా కూర్చోదు, బోల్ట్ చివరలో కొంచెం బిగుస్తుంది. ఇది బిగుసుకోలేదు, బాపు చేసిందే. సోమశేఖర్ కట్టిన దారాలు ఆ ఒక్క క్షణంలో ఉత్త దారాలైపోయాయి.

తనకున్న విద్యంతా పెట్టి కొట్టింది. ఊపిరి బిగబట్టి, వేలు మెల్లగా నొక్కి, ఒక్కో తూటాకూ తీరిక తీసుకుని కొట్టింది. దుర్భిణిలో చూస్తే, రంధ్రాలు ఒకదాని మీద ఒకటి నిచ్చెన మెట్లలా నిలువునా పడ్డాయి. ఒకటి పైన, ఒకటి కింద. మందు ఎక్కువ పడిన తూటా పైకి పోతుంది, తక్కువ పడినది కిందికి దిగుతుంది. అంటే, త్రాసు ముల్లు రెండుగా కనిపిస్తున్న మాట నిజమే.

తర్వాత తెల్లదారం. ఏడు తూటాలు కొట్టేసరికి ఏడూ ఒక్కచోట గుమిగూడాయి. చూడముచ్చటగా ఉంది ఆ గుంపు. ఇంకో మూడు మిగిలాయి. అమల తల పక్కకు తిప్పి చూసింది. మొగులయ్య అటు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష వేసిన పిల్లాడిలాగా నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా వీపు మీద చెమట పట్టింది. త్రాసు లేకపోతే ఈ మనిషి పొద్దు ఎలా పోతుంది? ఇంట్లో కూర్చుని చంద్రమ్మత్త చేత తిట్లు తింటాడు. నాలుగు రోజులకు మంచం పడతాడు. ఇదంతా ఆమె తనకు తాను చెప్పుకున్న మాట. ఆయనేమీ చెప్పలేదు. ఆయన ఫికర్ లేదనే అన్నాడు.

ఎనిమిదో తూటాకు వేలు కొంచెం గుంజింది. తొమ్మిదో దానికీ, పదో దానికీ అంతే. మూడూ కుడిపక్కకు పోయి పడ్డాయి.

క్లబ్బులో కొలత పద్ధతి ఒకటే. గుంపులో అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య ఎంత ఎడముందో చూస్తారు. ఆ ఎడం నిలువా అడ్డమా అని ఎవరూ పట్టించుకోరు. సోమశేఖర్ స్కేలు పెట్టి చూశాడు. ఎర్రదారానిది మూడు వేళ్ల వెడల్పు. తెల్లదారానిది నాలుగు వేళ్లు దాటింది.

“మొగులయ్యా, ఎర్రదారం నీదే. నువ్వే గెలిచినవ్,” అన్నాడు.

మొగులయ్య ఇటు తిరిగి, “ఖరే అంటున్నరా సార్?” అని అడిగాడు. తర్వాత అమలను చూశాడు. “మంచిగ కొట్టినవా బిడ్డా? చెయ్యి నిలబడ్డదా?”

“నిలబడ్డది బాపు.”

ఆయన ముఖంలో ఎంత వెలుగొచ్చిందో చెప్పలేను. ఆ వెలుగు చూసి అమలకు కళ్లు చెమర్చాయి. తన మంచితనానికి తానే మురిసిపోయింది. తిరుగు దారిలో ఆయన అందరికీ ఇరానీ చాయ్ తాగించాడు, ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. టార్గెట్ కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ల ఆపరేషన్ మాట చంద్రమ్మ ఎత్తితే, “చెయ్యి మంచిగున్నది, కన్ను ఏం జేస్తది?” అని కొట్టిపారేశాడట.

సెలక్షన్‌కు నందిని తూటాలన్నీ మొగులయ్య చేసిచ్చాడు. ఎంతో ఇష్టంగా చేశాడు.

ఆ రోజు నందిని ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సగం ఆట దాటేదాకా ఆమె ముందు ఎవరూ లేరు. ఆ తర్వాత ఒక తూటా పైకి లేచింది. పిల్ల తల ఎత్తి, మళ్లీ దించి, సర్దుకుని ఇంకోటి కొట్టింది. సరిగ్గా పడింది. చివరి వరుసలో ఇంకో తూటా కిందికి దిగింది. రెండు పాయింట్ల తేడాతో టీములో చోటు తప్పిపోయింది.

నందిని అన్న బబ్లూ ఉండబట్టలేక, “తూటాల్ల ఏమన్న తేడా ఉన్నదా?” అని అడిగాడు. పక్కనున్న కమిటీ పెద్దమనిషి నవ్వి, ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవరో, అన్నాడు. అందరూ నవ్వారు. మద్దెల నిజంగానే ఓడని అక్కడ తెలిసినది ఒక్క అమలకే. పైకి ఒకటి, కిందికి ఒకటి, నిలువునా. దుర్భిణిలో తన కళ్లతో చూసింది.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. పిల్లకు పోయిన పాయింట్లు తిరిగి రాకపోయినా, పిల్ల మీద పడ్డ నింద పోయేది. నందిని చాప చుట్టుకుంటూ, “ఏం తప్పు జేసిన అక్కా?” అని అడిగింది. గురువును అడిగినట్టు అడిగింది.

అమల చాప కొస అందుకుని చుట్టడానికి సాయం పట్టింది. “ఊపిరి,” అంది. “ఊపిరి మీద ధ్యాస తప్పింది.”

నందిని తల ఊపింది.

ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది ఎంత సులువో చూడండి. మొదటిది జాలితో ఆడింది. రెండోది తన పరువు కోసం ఆడింది. మొదటిదాన్ని తలుచుకుని ఏడ్చిన మనిషి, రెండోదాన్ని తలుచుకోవడానికే భయపడింది. ఆ తర్వాత నందిని వాళ్ల డెయిరీ ముందు నుంచి పోవడం మానేసి, చుట్టుతిరిగి ఆఫీసుకు వెళ్లడం అలవాటు చేసుకుంది.

నందిని ఓడిన కబురు మొగులయ్యను కుదిపేసింది. ఎవరికీ చెప్పకుండా సర్కారు కంటి దవాఖానాకు పోయి పేరు రాయించుకున్నాడు. ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి అమలకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

వెళ్లేసరికి మొగులయ్య నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, మంచం మీద రెండు కాగితాలు పరిచి కూర్చున్నాడు. రేంజిలో ఆ రోజు మడిచి జేబులో పెట్టుకున్న కాగితాలు. అమల గడప దగ్గరే ఆగిపోయింది. చంద్రమ్మ చాయ్ ఇచ్చి, ఆయన ముఖం చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

“కూసో,” అన్నాడు మొగులయ్య. మొదటి కాగితం మీద వేలు పెట్టాడు. “ఇవి నేను చేసినయి. మీదికి, కిందికి. నా కన్ను జేసిన పని ఇది. ఎవ్వలు జెప్పాల్సిన పని లేదు.” వేలు రెండో కాగితం మీదికి జరిపాడు. “ఇవి డబ్బాయి. ఏడు ఒక్క తాన పడ్డయి. మూడు కుడి దిక్కుకు పోయినయి. ఆ పొద్దు గాలి లేదు బిడ్డా. నేను అటు తిరిగి నిలబడ్డ గని, గాలి వస్తే నా చెవులకు తెల్వదా? తూటా తప్పయితే గిట్ల పక్కకు వోదు. వేలు గుంజితె వోతది. ఇన్నేండ్లల్ల నీ వేలు గుంజంగ నేను చూడలే.”

అమల చాయ్ కప్పు కింద పెట్టింది. బుకాయించడానికి ఒక దారి కనిపించింది, సిగ్గు లేకుండా దాన్నే పట్టుకుంది. “ఏ డబ్బా ఎవరిదో సార్‌కు తప్ప ఎవరికీ తెల్వదు గద బాపు. నాకెట్ల తెలుస్తది?”

మొగులయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కొత్తగా తేటపడ్డ కళ్లు. అమల తల దించుకుంది.

“బోల్ట్ మూస్తె నీకు తెలుస్తదని నాకు ముందే ఎర్క,” అన్నాడు. “నీ ఖోఖా నీ రైఫిల్ల ఎట్ల కూసుంటదో నీకు నేర్పింది ఎవరు? నేను గాదా? సోమశేఖర్ సార్ దారాలు గట్టి మురిసిండు. నాకు దారాల మీద భరోసా లేకుండె. నీ మీద ఉండె. తెలిసినా సక్కగనే కొడ్తది అనుకున్న.”

అమలకు ఏడుపొచ్చింది. ఈసారి మురిపెంతో వచ్చిన ఏడుపు కాదు.

“నువ్వు బాధపడ్తవని జేసిన బాపు.”

“బాధపడాల్సిన ముచ్చటైతె బాధపడ్తుంటి. ఆపరేషన్ అప్పుడే జేయించుకుంటుంటి. పోరికి డబ్బా తూటాలు ఇప్పిస్తుంటి.” ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. “నన్ను ముసలోన్ని జేసినవ్ బిడ్డా. పసిపిల్లలకు జెప్పినట్టు నాకు జెప్పినవ్.”

“తప్పయింది.”

“నందినికి జెప్పినవా?”

అమల అడ్డంగా తల ఊపింది.

“ఏమని జెప్పినవ్ ఆ పోరికి?”

“ఊపిరి తప్పిందని.”

మొగులయ్య కళ్లు మూసుకున్నాడు. తెరిచి, కాగితాలు రెండూ మడిచి ఆమె చేతిలో పెట్టాడు. “పో. నా తాన ఏడ్చి ఏం ఫాయిదా లేదు. ఆ పోరి తానకు పో.” నల్లద్దాలు పెట్టుకుని గోడవైపు తిరిగాడు, రేంజిలో తిరిగినట్టే.

సాయంత్రం బేరం జోరుగా ఉన్న వేళ నందిని డెయిరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. అమలను చూసి లేచి నిలబడింది. “కనవడ్తనే లేవు అక్కా, మస్తు రోజులైంది,” అంది.

అమల కాగితాలు గల్లాపెట్టె పక్కన పరిచి, అంతా చెప్పింది. ఒకటీ దాచలేదు. దాచడానికిక ఏం మిగిలింది కనుక? మధ్యలో ఇద్దరు పాలకు వస్తే నందిని పోసిచ్చి వచ్చి, మళ్లీ విన్నది. చెప్పడం అయిపోయాక, నిలువునా పడ్డ రంధ్రాల మీద వేలు పైనుంచి కిందికి జరిపింది.

“అంటె నా ఊపిరి తప్పలేదా?”

“తప్పలే. మంచిగ కొట్టినవ్. నేను కొట్టినా గిట్లనే పడ్డయి, చూడు.”

పిల్ల ముఖం ఒక్కసారి విప్పారింది. అది చూసి అమలకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఏదో మిగిలి ఉందనుకుంది. ఉద్యోగం పోతే పోయింది, పోటీలు ఎన్ని లేవు? తానే దగ్గరుండి ఆడిస్తుంది, డబ్బా తూటాలు తానే తెప్పిస్తుంది. ఆ మాట అనబోయింది.

“నువ్వే అన్నవు గద అక్కా, ఊపిరని,” అంది నందిని. “నేను రోజు పొద్దుగాల బంగ్లా మీద పండుకొని, కట్టె పట్టుకొని ఊపిరి పట్టుడు చూసుకున్న. ఎంత చూసినా తప్పు యాడున్నదో దొరకలే. దొరకకుంటే ఇంక నాకు రాదనుకున్న.”

“వస్తది నందినీ. నేను—”

“మొన్న క్లబ్బుకు పోయి రైఫిల్ వాపస్ ఇచ్చిన. సోమశేఖర్ సార్ ఇంకో ఏడు ఉంచుకో బిడ్డా అన్నడు. వద్దు సార్, నా చేతిల లేదు అని జెప్పిన. గప్పుడే పక్కనున్న పిల్లకు రాసిచ్చిండు.” కాగితాలు జాగ్రత్తగా మడిచి అమల వైపు జరిపింది. “వారం ముందుగాల జెప్తె అయిపోతుండె అక్కా.”

గిన్నె పట్టుకుని ఒక ముసలామె గల్లాపెట్టె ముందుకొచ్చి నిలబడింది. అమల అడ్డంగా ఉండటంతో, “జర జరుగమ్మా, పెరుగు దీస్కోవాలె,” అంది. అమల జరిగింది. నందిని గరిటె ముంచి పెరుగు తోడి, ఆమె గిన్నెలో వేసింది.